బ్రెజిల్ గారి వైద్యం

పదేళ్లు దాటింది. గొంతులో చేపముల్లు ఇరుక్కుంటే ఉత్త అన్నం ముద్ద మింగమంటారు మావైపు. నేను మింగని ముద్ద లేదు. ప్రార్థనలు చేశాను, ఉపవాసాలున్నాను, కొన్నాళ్లు ఊరు వదిలి పాండిచ్చేరిలో ఉద్యోగం చేసి వచ్చాను. ఆ ముల్లు మాత్రం కదల్లేదు. అది ఒక మాట. ఒకరు చెప్పినట్టుగా ఇంకొకరికి నేను చెప్పిన చిన్న మాట. దాంతో ఒక కుర్రాడికి ఆట పోయింది, ఒక పెద్దమనిషికి పరువు పోయింది. ఆ రెండూ పోగొట్టిన నేను యానాంలో నిక్షేపంగా ఉన్నాను. బజార్లో కనిపిస్తే మాస్టారూ అని నమస్కారం పెడతారు జనం.

మీకే ఎందుకు చెబుతున్నానంటే, మీరు నాకు తెలియదు. మాది ప్రొటెస్టెంటు ఇల్లు. పాపం చెప్పుకోవడానికి కేథలిక్కుల్లా మాకు ఫాదరు గారూ, జాలీ కిటికీ ఉన్న గదీ ఉండవు, నేరుగా దేవుడికే చెప్పుకోవాలి. చెప్పుకున్నాను, ఎన్నోసార్లు. ఆయనకి చెప్పడంలో కష్టమేముంది? ఆయనకి ముందే తెలుసు. సంగతి తెలియనివాళ్లకి చెప్పాలంటేనే నాలుక తిరగదు.

నేను ఫ్రెంచి చెప్పే మాస్టారిని. ఒకప్పుడు ఫ్రెంచివాళ్ల ఊరు కాబట్టి ఫ్రాన్సు వెళ్లాల్సిన కుటుంబాలు మా ఊళ్లో ఇప్పటికీ ఉన్నాయి, వాళ్ల పిల్లలకి ట్యూషన్లు చెప్పేవాణ్ణి. ఇంగ్లీషు కూడా బాగానే వచ్చు కాబట్టి సువార్త కూటాలకి బయటిదేశాల బోధకులు వస్తే పక్కన నిలబడి తెలుగు చేసేవాణ్ణి. అసలు నా బుద్ధి పాడైంది అక్కడే అనిపిస్తుంది. మీరెప్పుడైనా ఆ కూటాలు చూశారో లేదో. దొరగారు ఒక్క ముక్క అంటారు, పక్కవాడు దాన్ని నాలుగు ముక్కలు చేసి, గొంతు పెంచి, మధ్యలో ఓ సామెత తగిలించి చెబుతాడు. జనం ఆమెన్ అనేది పక్కవాడికే. ఉన్నదున్నట్టు చెప్పేవాణ్ణి మళ్లీ పిలవరు. నన్ను ప్రతి ఏడూ పిలిచేవారు.

అలాంటి నన్ను తీసుకెళ్లి బ్రెజిల్ గారి పక్కన నిలబెట్టారు.

ఆయన పేరు రాయను. రాసే హక్కు నాకు లేదు. మెట్టకూరు వైపు రొయ్యల చెరువులున్న ఒక ఆసామి ఫుట్‌బాల్ పిచ్చితో క్లబ్బు పెట్టి దానికి ప్రెసిడెంటయ్యాడు. ఫ్రాన్సులో స్థిరపడ్డ యానాం మనిషి ఒకాయన ఈ ప్రెసిడెంటు గారికి స్నేహితుడు. అక్కడ ఖాళీగా ఉన్న బ్రెజిల్ దేశపు కోచ్ ఒకాయన్ని ఆయనే మాట్లాడి పంపించాడు. దిగిన రోజున ప్రెసిడెంటు గారు మైకు పట్టుకుని, ఆ పొడుగాటి పేరు నోరు తిరక్క, "మన బ్రెజిల్ గారు" అనేశారు. ఇక ఊరందరికీ బ్రెజిల్ గారే. చేపల మార్కెట్లో ఆడవాళ్లు కూడా, బ్రెజిల్ గారూ, పండుగొప్ప తీసుకెళ్లండి అని పిలిచేవారు. ఆయన నవ్వుతూ వెళ్లి, బేరం తెలియక చెప్పినంతా ఇచ్చేవాడు.

ఇంగ్లీషు ఆయనకి రాదు. ఫ్రాన్సులో ఆడినన్నాళ్లకి ఫ్రెంచి పట్టుబడింది. మా కుర్రాళ్లకి ఫ్రెంచి రాదు. మధ్యలో నేను.

సాయంత్రం ప్రాక్టీసు అయ్యాక ఇద్దరం గోదావరి గట్టు మీద కూర్చునేవాళ్లం. తన సంగతంతా అక్కడే చెప్పాడు. వాళ్లదీ సముద్రం పక్క ఊరే. వాళ్ల నాన్న వలలు అల్లేవాడట. కాళ్లకి చెప్పుల్లేని రోజుల్లోనే పెద్ద క్లబ్బువాళ్లు చూసి తీసుకెళ్లారు. పాతికేళ్లు రాకముందే ఫ్రాన్సు. అక్కడ రెండో తరగతి క్లబ్బులో మంచి పేరొచ్చింది, పైతరగతి వాళ్లు కబురు కూడా పెట్టారు. అప్పుడే మోకాలు వాచింది. ముఖ్యమైన ఆట అని క్లబ్బు డాక్టరు ఇంజక్షన్ పొడిచి దింపాడు. నొప్పి తెలియలేదు, పరిగెత్తాడు, మోకాలు లోపల తెగిపోయింది. ఆపరేషన్లు చేశారు, కొన్నాళ్లు జట్టు వెంట తిప్పుకున్నారు, చివరికి మర్యాదగా పంపించేశారు. తర్వాత చిన్న ఊళ్లలో పిల్లలకి నేర్పుతూ కోచ్ అయ్యాడు. అదంతా కోపం లేకుండా చెప్పాడు. ఒక్కచోట మాత్రం ఆగాడు. "ఆ రోజు ఒక్కడైనా నన్ను అడగలేదు, నీకెలా ఉందని" అన్నాడు.

అందుకే ఆయనకి ఒక పద్ధతి ఉండేది. ఏ ఆటకి ముందైనా సరే, కుర్రాళ్లని వరసగా కూర్చోబెట్టి, ఒక్కొక్కడి ముందూ గొంతుక్కూర్చుని, మోకాలి మీద చెయ్యి వేసి, ఎక్కడైనా నొప్పి ఉందా అని అడిగేవాడు. నేను తెలుగులో అడిగేవాణ్ణి. వాడు చెప్పేవాడు. నేను ఫ్రెంచిలో చెప్పేవాణ్ణి. ఉంది అన్నవాణ్ణి కూర్చోబెట్టేసేవాడు. అలా చెప్పినందుకు ఎవర్నీ ఒక్కమాట అనేవాడు కాదు, పైగా భుజం తట్టేవాడు. మొదట్లో కుర్రాళ్లు దాచేవారు. తర్వాత్తర్వాత నిజం చెప్పడం అలవాటు చేసుకున్నారు. అదీ ఆయన నేర్పిందే.

నేనేం నేర్చుకున్నాను? ఆయన, పక్కవాడికి బంతి ఇవ్వు అంటే, చంకలో పిల్లాడిలా మొయ్యకురా, పక్కింటాళ్లకి కూడా కాసేపు ఎత్తుకోనియ్యి అని చెప్పేవాణ్ణి. కుర్రాళ్లు పగలబడి నవ్వేవారు. నేను రెండు మాటలే కదా అన్నాను, ఇంతసేపు ఏం చెప్పావని ఆయన అడిగితే, తెలుగు పెద్ద భాషండి అనేవాణ్ణి. నమ్మేవాడు. తిట్టు ఉంటే మెత్తన చేసేవాణ్ణి, పొగడ్త ఉంటే పెంచేవాణ్ణి. ఎవరికీ నష్టం లేదనుకున్నాను. నిజానికి ఆ రోజుల్లో లేదు కూడా. కొన్నాళ్లకి ఊళ్లో జనం, మాస్టారు లేకపోతే ఆ టీము లేదనడం మొదలెట్టారు. వినడానికి ఎంత బాగుండేదో. నేనే కోచ్‌నేమో అన్నంత భ్రమ వచ్చేసింది నాకు.

ఇక బాబీ. అది ఇంట్లో పిలిచే పేరు, ఇంటికొకడు ఉంటాడు కాబట్టి రాసినా ఫర్వాలేదు. మా అక్క కొడుకు. అప్పటికి పంతొమ్మిదేళ్లు. కుడివైపు నుంచి వాడు బంతి తీసుకుని బయల్దేరితే గట్టు మీద జనం లేచి నిలబడేవారు. బ్రెజిల్ గారు కూడా వాడి ఆట చూసేటప్పుడు మాట్లాడేవాడు కాదు. అక్క ఫరంపేటలో మిషను కుట్టి వాణ్ణి పెంచింది. వాడి ఆటే ఆవిడ ఆశ. బాగా ఆడితే పాండిచ్చేరి జట్టు, ఆ జట్టులో ఉంటే స్పోర్ట్సు కోటాలో ఉద్యోగం. ఆ ఆశ ఆవిడకి నూరిపోసింది నేనే.

ఆ ఏడు మా ఊరి టోర్నమెంటు ఫైనల్‌కి పాండిచ్చేరి నుంచి సెలెక్టర్లు వచ్చారు. అవతలి జట్టు కాకినాడవాళ్లది. గోలు వెనకాల వేసిన షామియానాలో కుర్రాళ్లు వరసగా కూర్చున్నారు. బ్రెజిల్ గారు ఒక్కొక్కణ్ణీ అడుగుతూ బాబీ దగ్గరికి వచ్చాడు, గొంతుక్కూర్చున్నాడు, వాడి మోకాలి మీద చెయ్యి వేశాడు. అడిగాడు. నేను తెలుగులో అడిగాను.

"నేరుగా పరిగెడితే ఏం లేదు మావయ్యా. పక్కకి తిరిగితే మాత్రం నొప్పిగా ఉంటంది, లోపల జారిపోతన్నట్టుంటంది. సార్‌కి చెప్పు" అన్నాడు బాబీ.

బ్రెజిల్ గారికి తెలుగులో తెలిసిన పదీ పన్నెండు మాటల్లో నొప్పి ఒకటి. ఆ మాట వినగానే తలెత్తి నా వంక చూశాడు. "నొప్పి?" అన్నాడు.

"పోయిన వారం నొప్పిగా ఉండేదట. ఇప్పుడు ఏమీ లేదంటున్నాడు" అన్నాను ఫ్రెంచిలో.

ఆయన మోకాలు నొక్కి చూశాడు. కూర్చున్నవాడికి నొక్కితే నొప్పి రాదు కదా, బాబీ కదల్లేదు. సరే అన్నట్టు వాడి చెంప మీద తట్టి పక్కవాడి దగ్గరికి జరిగాడు. బాబీ నా వంక చూశాడు. చెప్పానురా, ఫర్వాలేదంట, కట్టు బిగించి ఆడమన్నారు అన్నాను. సార్ మాట కదా. వాడు కట్టు బిగించుకున్నాడు.

ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్నది ఏమిటంటే, నోరు జారిందని. అలవాటు కొద్దీ మాట మారిపోయిందని. మీకు అబద్ధం చెప్పను. ముందురోజు మెట్టకూరు నుంచి నా బండి మీద వస్తూ బాబీ మోకాలి సంగతి నాతో చెప్పాడు. నాకు ముందే తెలుసు. ఆ ఫ్రెంచి వాక్యం పొద్దున పళ్లు తోముకుంటున్నప్పుడే నా దగ్గర తయారుగా ఉంది. మరి ఎందుకు చేశాను? వాడి ఉద్యోగం కోసమా? అక్క కోసమా? చాలాకాలం అలాగే అనుకున్నాను, అలా అనుకుంటే కాస్త నిద్రపట్టేది. కానీ సెలెక్టర్ల పక్కన కుర్చీ ఒకటి నాకు కూడా వేశారని, వాడు గోలు కొట్టగానే, మా మేనల్లుడండీ అని నేను అనబోయే మాట కూడా పొద్దున్నే సిద్ధం చేసుకున్నానని ఎవరికి తెలుసు? ఛీ.

రెండో సగంలో బాబీ కుడివైపు నుంచి లోపలికి తిరిగాడు. ఎవరూ తగల్లేదు. తిరిగాడు, పడ్డాడు. వాడు అరిచిన అరుపు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. బ్రెజిల్ గారు గ్రౌండులోకి పరిగెత్తి వాడి తల ఒళ్లో పెట్టుకున్నాడు. కాకినాడ ఆసుపత్రిలో మోకాలి లోపల రెండుచోట్ల తెగిందన్నారు. ఆపరేషన్ చేశారు. నడుస్తాడు గాని ఆట సంగతి మర్చిపొమ్మన్నారు.

అంతటితో అయిపోతే దాన్ని ఒక అబద్ధం అనుకుందురు. అసలు నేను చేసింది తర్వాత.

క్లబ్బు గదిలో మీటింగు పెట్టారు. ప్రెసిడెంటు గారు, నలుగురు పెద్దలు, అక్క, బ్రెజిల్ గారు, మధ్యలో నేను. అక్క ఏడవలేదు. ఆవిడ నెమ్మదిగా అడిగింది. "మావాడు నొప్పుందని చెప్పేడంటండి. చెప్పినా ఎందుకు దింపేరో ఆయన్ని అడగండి."

ఆవిడేమంటోంది అని బ్రెజిల్ గారు నన్ను అడిగాడు. అందరూ నా నోటివంకే చూస్తున్నారు. కొడుకు రాత ఇలా ఉందని బాధపడుతోంది అన్నాను. ఆయన కళ్లు చెమర్చాయి. చాలాసేపు మాట్లాడాడు. తను అడిగానని, లేదంటే నమ్మానని, ఇంకోసారి అడగాల్సిందని, ఆ తల్లికి ఏం చెప్పాలో తెలియడం లేదని. చివర్లో అక్కవైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు. మన పద్ధతి అది అని ఆయనకి నేర్పింది కూడా నేనే.

నేను దాన్ని తెలుగు చేశాను. "తప్పయిపోయింది, క్షమించమంటున్నారు."

అంతే. రెండే మాటలు. కూటాల్లో ఒక ముక్కని నాలుగు ముక్కలు చేసినవాణ్ణి, ఆ రోజు అంత పెద్ద మాటని రెండు ముక్కలకి కుదించేశాను. ఇక ఎవరూ ఏమీ అడగలేదు. తప్పు ఒప్పుకున్నవాణ్ణి ఏమడుగుతారు? జోడించిన చేతులు అందరికీ కనపడుతూనే ఉన్నాయి. ప్రెసిడెంటు గారు, ఇక చాల్లెండి, పంపించేద్దాం అన్నారు.

రాజమండ్రి స్టేషన్ దాకా నేనే తీసుకెళ్లాను. దారిపొడుగునా చెప్పేయాలి, చెప్పేయాలి అనుకుంటూనే ఉన్నాను. రైలెక్కే ముందు నన్ను కావలించుకుని, నువ్వు లేకపోతే ఈ ఊళ్లో నేను మూగవాణ్ణయ్యేవాణ్ణి అన్నాడు. నేను రైలు కదిలేదాకా చెయ్యి ఊపాను. తర్వాత ఫ్రాన్సులో ఆయనకి క్లబ్బులేవీ దొరకలేదని విన్నాను, ఈ కబురు అక్కడికీ వెళ్లింది మరి. కొన్నాళ్లు సామాన్ల వ్యాన్ తోలాడట. చివరికి తన ఊరే చేరి, అక్కడి పిల్లలకి ఆట నేర్పుతున్నాడు.

మా ఊళ్లో ఇప్పుడు ఎవరైనా తెలిసీ తెలియని సలహా ఇస్తే, బ్రెజిల్ గారి వైద్యం అంటారు. రొయ్యలకి తప్పు మందు వేస్తే బ్రెజిల్ గారి వైద్యం. మోటారు బాగుచేయబోయి కాలబెడితే బ్రెజిల్ గారి వైద్యం. ఆయన్ని ఎన్నడూ చూడని పిల్లలు కూడా అనేస్తారు. అందరూ నవ్వుతారు. నేను కూడా నవ్వేవాణ్ణి. నవ్వకపోతే ఎవరికైనా అనుమానం వస్తుందేమోనని భయం.

బాబీ రొయ్యల మేత డిపోలో సూపర్‌వైజరుగా ఉన్నాడు. పెళ్లయింది. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుంటాడు. ఫుట్‌బాల్ చూడడు, టీవీలో వస్తే మార్చేస్తాడు. నొప్పని చెప్పినా వినకుండా దింపాడు, తన కాలు పోగొట్టుకున్నవాడే నా కాలు తీశాడు అని ఒకసారి నాతోనే అన్నాడు. నేను మంచినీళ్లు తాగాను.

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక బాబీ మా ఇంటికి వచ్చాడు. చేతిలో ఫోను. బ్రెజిల్ గారు ఎక్కడో వీడి పెళ్లి ఫొటో చూసి, వెతికి పట్టుకుని, వాయిస్ మెసేజ్ పెట్టాడు. వినాలా వద్దా అని బాబీ వారం రోజులు తేల్చుకోలేకపోయాడట.

"తెలుగులోకి ఫోనే మార్చేస్తది గాని, ముక్కలు ముక్కలుగా ఉంటంది. నువ్వైతే సరిగ్గా చెప్తావు మావయ్యా" అన్నాడు.

ఆ గొంతు విన్నాను. ముసలిదైంది. ఇంకో అబద్ధం చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? బాగున్నావా అని అడుగుతున్నారురా అంటే సరిపోయేది. నిజం చెబుతున్నాను, ఆ వాక్యం కూడా నోటిదాకా వచ్చింది. వాడి మొహం చూశాను. పదేళ్లుగా పెట్టుకున్న కోపంతో, ఆయన ఏమంటాడో అన్న ఆశతో, రెండూ కలిపి కూర్చున్నాడు. నేను మెసేజ్ మొదటికి తిప్పి, కొంచెం కొంచెంగా ఆపుతూ, ఒక్క మాట కలపకుండా, ఒక్క మాట తీయకుండా చెప్పాను. జీవితంలో మొదటిసారి.

"బాబీ, ఆ రోజు నిన్ను అడిగాను. నొప్పి లేదన్నావు. నమ్మాను. నువ్వు అబద్ధం చెప్పావని నేను అనడం లేదు, ఆ వయసులో నేను కూడా దాచేవాణ్ణే. అది కనిపెట్టలేకపోవడం నా తప్పు. నీ మీద నాకు కోపం లేదు. నీకు నా మీద లేకపోతే ఒక్కసారి మాట్లాడు."

బాబీ నా చేతిలోంచి ఫోను తీసుకున్నాడు.

"నొప్పుందని చెప్పేను కదా మావయ్యా."

"చెప్పావు."

"మరి లేదని ఆయనకెవరు చెప్పేరు?"

"నేను."

వాడు తిట్టలేదు. కొట్టినా బాగుండేది. ఫోను నా నోటి దగ్గర పెట్టి రికార్డింగు నొక్కాడు. ఫ్రెంచిలో ఆయనకి చెప్పమన్నాడు. చెప్పాను. షామియానాలో వాడన్న మాట, నేను చేసిన మాట, మీటింగులో అక్క అడిగిన మాట, నేను చేసిన మాట. మధ్యలో రెండుసార్లు ఆగాను, వాడు వేలు తియ్యలేదు. అయ్యాక మా అరుగు మీదే కూర్చుని, నేనన్నది ఫోనులో తెలుగులోకి మార్చుకుని మొదటినుంచీ చదువుకున్నాడు. ముక్కలు ముక్కలుగానే. నేను ఈసారైనా సరిగ్గా చెప్పానో లేదో చూసుకుంటున్నాడు. నా ఎదురుగానే. చదవడం అయ్యాక పంపించాడు.

వెళ్తూ బండి మీద కూర్చుని, నా వంక చూడకుండా అన్నాడు. "అమ్మకి నేను చెప్పను. నువ్వే చెప్పుకో."

అటునుంచి బదులొచ్చిందో లేదో నాకు తెలియదు. వచ్చినా బాబీ ఇక నా దగ్గరికి తీసుకురాడు. నేను చేస్తే వాడు ఫోను ఎత్తడం లేదు. తేలికైందా అని మీరడిగితే, సిగ్గు పడుతూనే చెబుతున్నాను, అయింది. ఆ మధ్యాహ్నం కూర్చుని కడుపునిండా అన్నం తిన్నాను, ఎన్నేళ్లయిందో అలా తిని. బాబీ, బ్రెజిల్ గారూ అక్కడ ఎలా ఉన్నారో తెలియకుండా తిన్నాను. నా బతుకింతే.

అక్క దగ్గరికి రెండుసార్లు వెళ్లి వచ్చేశాను. ఏరా, మొహం అలా ఉందేంటి, తిన్నావా అంది. తిన్నానని చెప్పి, ఏదో పనున్నట్టు లేచి వచ్చాను. బాబీ కూడా ఎందుకో తేడాగా ఉంటున్నాడురా, నువ్వైనా కనుక్కో అని వాకిట్లోకి వచ్చి మరీ చెప్పింది. ఇప్పుడు మళ్లీ బయల్దేరుతున్నాను. వెళ్లేముందు ఎక్కడైనా ఒకసారి పూర్తిగా చెబితే, అక్కడ నోరు మూసుకుపోకుండా ఉంటుందేమోనని మీకు చెప్పాను. ఆవిడ మిషను ఆపి నా వంక చూసేదాకా ఆగుతాను. పెద్దగా చెప్పడానికేమీ లేదు. అక్కా, ఆ రోజు నీ కొడుకు నొప్పుందనే చెప్పాడు. లేదన్నది నేను.